అమృతమ్మ ఆపిన నాటకం

పోయిన వారం మనం నవతను అడిక్‌మెట్‌లోని రెండు గదుల ఇంట్లో, గడప దగ్గర వదిలి వచ్చాం. అప్పటికే ఆమె నోరు జారింది. పనికి బయల్దేరుతున్న అన్న పరుశురాంకు అడ్డం నిలబడి ముఖం మీదే అనేసింది: "తాగినోడు తాగిన అని ఒప్పుకుంటే సగం పీడ పోతది. నువ్వు గంతకు గూడ పనికిరావు."

పరుశురాం చెప్పులు తొడుక్కుంటూ తల కూడా ఎత్తలేదు. "రెండు నెలలైంది నేను ముట్టక. ఇంట్ల మాత్రం తాగిండు తాగిండు అంటనే ఉన్నరు. సరే తీయ్, ఇయ్యాల తాగే వస్త. మీ మాట ఎందుకు అబద్దం గావాలె?" అని మెట్లు దిగిపోయాడు. అమ్మ కట్టిన టిఫిన్ డబ్బా మాత్రం మరిచిపోకుండా పట్టుకుపోయాడు. ఎంత కోపమొచ్చినా అన్నం మీద చూపించడు. ఈ మధ్య ఆ ఇంట్లో అతనిలో అందరూ ఒప్పుకునే గుణం అదొక్కటే.

నవతను తిట్టుకునే ముందు ఆమె బాధ కూడా కాస్త వినాలి. పరుశురాం ముషీరాబాద్‌లో ఒక ఫర్నిచర్ దుకాణంలో పాలిష్ పని చేస్తాడు. తాగుడు మాన్పించే కేంద్రంలో మూడు వారాలుండి బయటికొచ్చాక కొన్నాళ్లు బాగానే ఉన్నాడు. తరువాత నెల రోజుల్లో ఐదుసార్లు సాయంత్రం పూట ఇంటికొచ్చి కుప్పకూలాడు. ముఖం కుంకుమ రాసినట్టు ఎర్రగా, కళ్లు ఎర్రగా, ఒకటే వాంతులు, గుండె పట్టుకుని ఆయాసం. అడిగితే ఐదుసార్లూ ఒకటే జవాబు: "అమ్మ మీద ఒట్టు, సుక్క ముట్టలేదు." మీరైతే నమ్ముతారా? నవత కూడా నమ్మలేదు.

నమ్మకపోగా దాన్ని నాటకం చేసింది. అసలు తప్పు అక్కడుంది.

నవత యూనివర్సిటీలో నాటక శాఖ విద్యార్థిని, రెండో సంవత్సరం. హాస్టళ్లలో పనిచేసే వార్డెన్లకూ వాచ్‌మన్లకూ వంటవాళ్లకూ వ్యసనం గురించి, మనసు జబ్బుల గురించి శిక్షణ ఇవ్వాలని ఈ ఏడు అనుకున్నారు. మొదట ఉపన్యాసాలు పెట్టారు. ఏసీ హాల్లో మెత్తటి కుర్చీలు, తెర మీద బొమ్మలు. అందరూ హాయిగా నిద్రపోయారు. అప్పుడు డాక్టర్ సుధామయి నాటక శాఖ గుమ్మం తొక్కింది. తార్నాకలో ఇరవై ఏళ్లుగా మానసిక వైద్యం చేస్తున్న ఆవిడ, మాట మెత్తన, పట్టు గట్టి. "చెబితే వినరు. చూపిద్దాం" అంది.

వాళ్ల పద్ధతి ఇది. పావుగంట నాటకం మొదటిసారి పూర్తిగా ఆడతారు. రెండోసారి మళ్లీ మొదటినుంచి ఆడతారు. ఈసారి చూసేవాళ్లలో ఎవరికైనా "అట్లా కాదు, ఇట్లా చెయ్యాలి" అనిపిస్తే ఒక్క చప్పట కొట్టి లేవాలి. అక్కడ ఆట ఆగిపోతుంది. ఒక్కో పాత్రకు భుజం మీద ఒక్కో రంగు తువ్వాలు ఉంటుంది. లేచినవాళ్లు ఆ తువ్వాలు తీసుకుని తమ భుజాన వేసుకుంటే ఆ పాత్ర వాళ్లదే. తువ్వాలు భుజాన ఉన్నంతసేపు ఏం మాట్లాడినా పాత్ర మాటే. "ఇది మీ ఇంటి సంగతేనా" అని ఎవరూ అడగకూడదు. ఆ నియమం ఉంది కాబట్టే జనం నోరు విప్పుతారని సుధామయి నమ్మకం.

ఇంకో నియమం కూడా పెట్టింది. సొంతింటి కథ రాస్తే ఇంట్లోవాళ్ల అనుమతి తీసుకోవాలి. నవత కళ్లార్పకుండా అబద్ధమాడింది. "మా దోస్తు వాళ్లింట్ల జరిగింది మేడం" అని చెప్పి తన ఇల్లంతా తెచ్చి వేదిక మీద పోసింది. ఎర్ర ముఖంతో కొడుకు "అమ్మ మీద ఒట్టు, సుక్క ముట్టలేదు" అని తూలుతాడు. ఆ మాట దగ్గర హాలంతా గొల్లుమంటుంది. ఆరు ప్రదర్శనల్లో ఒక్కసారి కూడా ఆ నవ్వు తప్పలేదు. దాన్ని చూసుకుని నవత మురిసిపోయింది కూడా.

అన్నను అట్లా అన్న ఆ రోజే పదకొండింటికి ఏడో ప్రదర్శన. తల్లి పాత్ర నవతదే, ఆకుపచ్చ తువ్వాలు. కొడుకు పాత్రకు ఆమె క్లాస్‌మేట్ బాలరాజు, ఎర్ర తువ్వాలు. నవత వేదిక మీదికొచ్చి, పీట వాల్చి, తల ఎత్తి చూసేసరికి మూడో వరుసలో తన తల్లి అమృతమ్మ కూర్చుని ఉంది.

అమృతమ్మ లేడీస్ హాస్టల్ మెస్‌లో పదకొండేళ్లుగా చపాతీలు చేస్తోంది. మెస్‌వాళ్ల శిక్షణ నిజానికి గురువారం. ఆ గురువారం హాస్టల్లో ఏదో తనిఖీ ఉందని ముందుకు జరిపారు. ఆ సంగతి కూతురికి తెలియదు. కూతురి నాటకం దేని గురించో తల్లికి తెలియదు. నీలం ఏప్రాన్ ఇంకా విప్పలేదు, మోచేతుల దాకా పిండి. కూతుర్ని చూసి పక్కనున్నావిడను మోచేత్తో పొడిచి "నా బిడ్డ" అని చూపిస్తోంది.

నవత ఆపుదామంటే ఎట్లా ఆపుతుంది? ఆట మొదలైంది.

ఒక్కో మాట దాటుతుంటే అమృతమ్మ ముఖంలో ఆ సంబరం కొంచెం కొంచెంగా తగ్గిపోయింది. వేదిక మీది తల్లి ఏడుస్తోంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. చుట్టుపక్కలవాళ్లు అడిగితే "మా పిలగానికి కామెర్లు" అని చెప్పి మళ్లీ ఏడుస్తోంది. బాలరాజు తూలుకుంటూ వచ్చి "అమ్మ మీద ఒట్టు, సుక్క ముట్టలేదు" అన్నాడు. హాలు గొల్లుమంది. పక్కనున్నావిడ కూడా పడి పడి నవ్వుతూ అమృతమ్మ తొడ మీద చరిచింది. అమృతమ్మ నవ్వలేదు.

నాటకం అయిపోయింది. సుధామయి ముందుకొచ్చి నియమాలు చెప్పింది. రెండో ఆట మొదలైంది. నవత పీట మీద కూర్చుని, కొంగు నోట్లో పెట్టుకుని, ఏడవడానికి సిద్ధమైంది.

చప్పట వినిపించింది. చపాతీలు చరిచే చేతుల చప్పట అది, హాలంతా ఉలిక్కిపడింది.

అమృతమ్మ నడిచొచ్చింది. వేదిక ఎక్కి కూతురి భుజం మీది ఆకుపచ్చ తువ్వాలు లాగి తన భుజాన వేసుకుంది. "నువ్వు అవుతలికి జరుగు" అంది. నవత జరిగింది.

"గీ నాటకం రాసినోళ్లకు తల్లి అంటే ఏందో ఎరుక లేదు" అంది అమృతమ్మ, జనం వైపు తిరిగి. "తల్లి అంటే ఊకె ఏడుస్త కూసుంటది అనుకున్నరా? ఏడిస్తే పిలగాడు బాగైతడా? నేను ఏడుస్త కూసుంటలేను. నేనేం చేస్తున్ననో సూడుండ్రి."

పీట మీద కూర్చుంది. ఎదురుగా గిన్నె ఉన్నట్టు గరిటె తిప్పింది. వీధి తలుపు వైపు ఒకసారి చూసింది. కొంగు ముడి విప్పి అందులోంచి ఏదో చిన్నది తీసినట్టు తీసి, చెంచా వెనకభాగంతో పళ్లెంలో నూరింది. నూరిన పొడిని వేలితో ఎత్తి పప్పులో రాల్చి కలిపింది. ఆ చేతులకు అలవాటైన పని అది, చూసేవాళ్లకు గిన్నె కనబడుతోంది, పప్పు ఆవిరి కూడా కనబడుతోంది. రెండేళ్లుగా నటన నేర్చుకుంటున్న నవత ఆ చేతుల మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

బాలరాజు పాపం, పాత్రలో ఉండిపోయాడు. "అమ్మా, ఏం కలుపుతున్నవ్?" అన్నాడు.

"ఉప్పు కొడుకా. తిను."

సుధామయి రెండడుగులు ముందుకొచ్చింది. "అమ్మా, మీరు కలిపింది ఏంటండీ?"

"గోలి మేడం. తాగుడు మాన్పించే గోలి."

"అబ్బాయికి చెప్పే పెడుతున్నారా?"

"చెప్తె తింటడా? మా పైన వాటాల చిట్టెమ్మక్క చెప్పింది. వాళ్లాయనకు గట్లనే కూరల పెట్టిందంట. ఇది కడుపుల ఉన్నంక సుక్క తాగితే చాలు, మొకం ఎర్రగైతది, కక్కుకుంటడు, దొరికిపోతడు అన్నది." అమృతమ్మ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "నెల దినాల సంది పెడుతున్న. ఐదుపార్లు దొరికిండు. అందరు ఉత్తగ అనుమానపడుతరు మేడం. నాకైతే రుజువు ఉన్నది."

సుధామయి ముఖం మారిపోయింది. తను పెట్టిన నియమాన్ని తనే తప్పింది. "అమ్మా, మీ అబ్బాయి ఏం పని చేస్తాడు?"

అమృతమ్మ చెయ్యి గభాలున భుజం మీది తువ్వాలు మీదికి పోయింది. నాటకంలోని కొడుకు ఏం పని చేస్తాడో ఎక్కడా లేదు. నవత ఆ సంగతి రాయలేదు.

"పాలిష్ పని మేడం" అంది నవత, మూలనుంచి.

అందరూ ఆమె వైపు తిరిగారు. సుధామయి కూడా తిరిగింది. ఈ కథ ఏ దోస్తుదో ఆవిడకు అప్పుడు అర్థమైంది. కోప్పడటానికి అది సమయం కాదు. "ఏ పాలిష్ నవతా? దేనితో చేస్తాడు?"

"లక్క మేడం. స్పిరిట్‌ల కరిగించి, గుడ్డ ఉండతోని రుద్దుతరు. దుకాణం ఎనక అర్ర ఉంటది, దుమ్ము పడొద్దని తలుపులు మూస్తరు."

"రోజూ అదే పనా?"

"లేదు. కొన్ని దినాలు గరుకు కాగితం రుద్దుడే. పాలిష్ కొట్టిన దినం గోళ్లు ఎర్రగ..." నవత ఆగిపోయింది. కుప్పకూలిన ఐదు సాయంత్రాలూ అన్న చెయ్యి పట్టి మంచం మీద పడుకోబెట్టింది తనే. ఆ గోళ్లు ఎట్లా ఉన్నాయో ఆమెకు బాగా గుర్తుంది. ఐదుసార్లూ లక్క రంగే.

సుధామయి వేదిక అంచున కూర్చుండిపోయింది. "ఆ మాత్ర ఒంట్లో ఉన్నప్పుడు తాగక్కర్లేదు. మూసిన గదిలో రోజంతా స్పిరిట్ ఆవిరి పీల్చినా చాలు. చేతులకు అంటినా కొందరికి అదే అవుతుంది. ముఖం ఎర్రబడుతుంది, వాంతులు, గుండెదడ. మనిషికి చెప్పి, ఏవేవి ముట్టకూడదో ఒక్కొక్కటీ వివరించి ఇవ్వాల్సిన మందమ్మా అది. ఆ ఐదుసార్లూ మీ అబ్బాయి నిజమే చెప్పి ఉంటాడు."

నిజమే చెప్పి ఉంటాడు. అయ్యో, ఆ ఒక్క మాట నవత చెవిలో ఎట్లా దిగిందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. అన్న వాంతి చేసుకుంటూ, ఊపిరాడక, ప్రాణభయంతో చెప్పిన నిజాన్ని తను హాస్యం చేసింది. బాలరాజుకు దగ్గరుండి నేర్పింది, "ఇంకొంచెం నాలుక మడత పెట్టురా, ఇంకా నవ్వుతరు" అని.

"మరి నిజంగనే తాగితే?" అని అడిగింది.

"ఆవిరికే అంత అయిన మనిషి నిజంగా తాగితే బీపీ పడిపోతుంది నవతా. గుండె ఆగినా ఆగొచ్చు. ఏం, ఎందుకడుగుతున్నావు?"

"పొద్దుగాల తాగే వస్త అని పోయిండు మేడం. నేనే పంపిన."

అమృతమ్మ పీట మీంచి లేచింది. బాలరాజు భుజం పట్టుకుంది. "డబ్బల పెట్టిన" అంది. "ఇయ్యాల టమాటకూరల గూడ కలిపి పెట్టిన బిడ్డా."

ఆ తరువాత శిక్షణ ఏమైందో, జనం ఏమనుకున్నారో ఎవరూ పట్టించుకోలేదు. నవత చెప్పులు కూడా వేసుకోలేదు. సుధామయి కారులో ముందు నవత, వెనక అమృతమ్మ. దుకాణం సేటుకు ఫోన్ చేస్తే, "పొద్దుగాల సంది రాలేదమ్మా మీ అన్న" అన్నాడు. పరుశురాం ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. తాగే రోజుల్లో అతను తార్నాక వైపు కూర్చునేవాడు. అంతవరకే తెలుసు. కారు క్యాంపస్ చెట్ల కిందినుంచి తార్నాక దారి పట్టింది. పన్నెండున్నర అయింది. వైన్ షాపులు తీసి ఎంతసేపయిందో నవత లెక్క వేసుకోవాలనుకోలేదు.

ఏడోసారికి ఫోన్ ఎత్తాడు.

"ఏంది చెల్లె, నాటకం అయిపోయిందా?" అన్నాడు. నిదానంగా, ముద్దగా ఉంది గొంతు. వెనక ఎక్కడో మెట్రో పోయిన చప్పుడు.

"అన్నా, గిలాస కింద పెట్టు. నీ కాళ్లు మొక్కుత, ముట్టకు."

"ఎందుకు?"

"నువ్వు తాగలేదన్నా. ఐదుపార్లల్ల ఒక్కపారి గూడ తాగలేదు. నాకు ఎరుకైంది."

పరుశురాం నవ్వాడు. "పొద్దుగాల గడపల నిలబడి ఏమన్నవ్? గిప్పుడు ఏమంటున్నవ్? ఏక్టింగ్ మంచిగనే నేర్పుతున్నరు మీ యూనివర్సిటీల."

"ఏక్టింగ్ కాదన్నా. అమ్మ మీద ఒట్టు!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక నవత దాన్ని గుర్తుపట్టింది. తను రాసిన మాట. ఏడు హాళ్లను నవ్వించిన మాట. ఇప్పుడు అది నిజం, వినేవాడు నమ్మడం లేదు.

వెనక సీటులోంచి అమృతమ్మ చెయ్యి చాచి ఫోన్ లాక్కుంది. ఆకుపచ్చ తువ్వాలు ఇంకా ఆమె భుజం మీదే ఉంది. "కొడుకా" అంది. "ఒక తల్లి ఉండె. ఆ తల్లి కూరల గోలి కలిపింది. పిలగాని మంచికే అనుకున్నది..." చెప్తూ చెప్తూ ఆగింది. సుధామయి అద్దంలోంచి ఆమెనే చూస్తోంది. అమృతమ్మ ఆ తువ్వాలు పట్టి లాగి కాళ్ల దగ్గర పడేసింది.

"నేనే కలిపిన. నేను, నీ అమ్మను. నెల దినాల సంది నీకు చెప్పకుంట పప్పుల కలిపిన. తాగితే మొకం ఎర్రగైతది అన్నరు. నీ మొకం ఎర్రగైంది, నేను నమ్మిన. అది స్పిరిట్ వాసనకు అయిందంట కొడుకా. నువ్వు అబద్దం ఆడలేదు. తల్లిని నేనే నమ్మకపోతి."



"ఇయ్యాల డబ్బల గూడనా?" అన్నాడు పరుశురాం.

"ఇయ్యాల గూడ."

"ఆకలైతుంటే డబ్బ అంత తిన్న అమ్మా. తిన్నంక ఒక్క గిలాస..." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "నువ్వన్న నమ్ముతవనుకున్న. రెండు నెలలు ఎట్ల..."

స్టీలు డబ్బా నేల మీద పడి దొర్లిన చప్పుడు. కుర్చీ పడింది. ఎవరో అరిచారు. నవత ఫోన్ లాక్కుని "అన్నా, అన్నా" అని పిలుస్తూనే ఉంది. కాసేపటికి ఎవరో కొత్త మనిషి ఫోన్ ఎత్తాడు.

"ఎవరమ్మా? మీ మనిషేనా? ఫుల్లుగ తాగి పడ్డడు. మొకమంత ఎర్రగైంది, కక్కుకుంటున్నడు. వచ్చి తీస్కపోండ్రి."

"తాగుడు కాదన్నా అది! ఒక్క గిలాసనే, ఆయనకు మందు పడలేదు, పానం మీదికొచ్చింది. 108కు ఫోన్ చెయ్యుండ్రి. ఏ షాపు అన్నా? తార్నాకల ఎక్కడ?"

ఆ మనిషి నవ్వాడు. "ఒక్క గిలాసనే అంట" అని పక్కవాళ్లకు చెప్పాడు. వాళ్లూ నవ్వారు. "తాగినోళ్ల ఇంటోళ్లందరు గట్లనే అంటరమ్మా" అని ఫోన్ పెట్టేశాడు.

నవతకు ఆ నవ్వు కొత్త కాదు. ఏడు ప్రదర్శనల్లో సరిగ్గా ఆ మాట దగ్గరే విన్నది. మళ్లీ ఫోన్ చేసింది, స్విచ్ఛాఫ్.

తార్నాక చౌరస్తాలో కారు ఆగింది. సుధామయి హారన్ మీద చెయ్యి తీయడం లేదు. "ఎటు నవతా? ఎడమకా, కుడికా?" అని అడుగుతోంది. నవత రెండు వైపులా చూసింది. రెండు వైపులా వైన్ షాపులే ఉన్నాయి.